ఇప్పుడెందుకు కొత్త జీవం పుట్టడం లేదు?

డిగ్రీ చదువుతున్న ఒక పాఠకుడు రాశాడు: "ఒపారిన్, హాల్డేన్ సిద్ధాంతాన్ని పరీక్షలో రాయండి, నమ్మక్కర్లేదు అన్నారు మా సార్. జీవం దానంతటదే పుట్టేదైతే ఇప్పుడెందుకు పుట్టడం లేదని అడిగారు. ఎవరం జవాబు చెప్పలేకపోయాం."

తొలినాటి భూమ్మీద ప్రాణం లేని రసాయనాల నుంచే మెల్లగా జీవం పుట్టిందన్నది ఈ ఇద్దరు శాస్త్రవేత్తల సిద్ధాంతం. సార్ నమ్మకం సార్ ఇష్టం. కానీ జవాబున్న ప్రశ్నతో పిల్లల నోరు మూయించడమే నాకు బాధగా ఉంది.

ఆ జవాబు డార్విన్ 1871లో తన స్నేహితుడు, వృక్షశాస్త్రవేత్త హుకర్‌కి రాసిన ఉత్తరంలోనే ఉంది. ఏదో వెచ్చటి నీటిగుంటలో ఒక ప్రొటీన్ తయారైందనుకున్నా, ఈ రోజుల్లో దాన్ని ఏదో ఒక ప్రాణి వెంటనే తినేస్తుంది. జీవులు లేని కాలంలో ఆ బెడద లేదు.

మే నెలలో పప్పుచారు రాత్రంతా బయట వదిలేస్తే తెల్లారేసరికి నురగ కట్టి పులిసిపోతుంది. బ్యాక్టీరియా అందులోని పోషకాలను తిని ఆమ్లాలు, వాయువులు వదులుతాయి కాబట్టి. భూమ్మీద ఒక్క సూక్ష్మజీవి కూడా లేదనుకోండి, మూత పెట్టకపోయినా చారు పులియదు. అయితే పోపులో నూనె మాత్రం గాలిలోని ఆక్సిజన్ తగిలి మెల్లగా చెడుతుంది. ఆ ఆక్సిజన్ కూడా లేకపోతే? తొలినాటి సముద్రం అలాంటి చారే. హాల్డేన్ 1929లో దాన్ని వేడి, పలచని సూప్ అన్నాడు. తినేవాళ్లు లేరు, చెడగొట్టే గాలి లేదు, లక్షల ఏళ్లు సరుకు పోగవుతూనే ఉంది.

గాలిలో ఆక్సిజన్ చేరడం మొదలైంది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. అంతకుముందు ఓజోన్ పొర కూడా లేదు. అతినీలలోహిత కిరణాలు నేరుగా పడి, అణువుల్లోని బంధాలు తెంచి కొత్తవి కట్టేవి. కట్టిన వాటినీ తెంచేవి, కాబట్టి నీటి లోతుకు దిగినవే ఎక్కువ కాలం మిగిలేవి. తర్వాత కిరణజన్య సంయోగక్రియ జరిపే సూక్ష్మజీవులు ఆక్సిజన్ వదిలాయి. అంటే జీవం తాను పుట్టిన పరిస్థితిని తానే చెరిపేసింది! నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఆ తొలినాటి గాలి ఇలా ఉండేదనుకుని, రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరిలో విద్యుత్ మెరుపులు పుట్టించి, గ్లైసీన్, అలనీన్ లాంటి అమైనో ఆమ్లాలు వచ్చాయని 1953లో ప్రచురించాడు. అమైనో ఆమ్లాలు ప్రొటీన్లను కట్టే ఇటుకలే, జీవం కావు. తనను తాను నకలు తీసుకునే అణువు ఎలా వచ్చిందన్నది ఇంకా తేలలేదు. సార్ అడగాల్సిన గట్టి ప్రశ్న అదీ.

జీవం రసాయనమే అంటే మనిషికి మంచితనం ఎక్కడిదని భయపడే అధ్యాపకులూ ఉన్నారు. వాళ్లు హాల్డేన్ సంగతి చూడాలి. ఆయన లండన్‌లో ప్రొఫెసర్, ప్రయోగంలో దేవుడూ దెయ్యమూ వేలు పెట్టరనే నమ్మకంతో పనిచేసినవాడు. మునిగిపోతున్న బిడ్డ కోసం వరదనీటిలో దూకే గుణం జన్యువుల్లో ఎలా నిలుస్తుందో 1955లో లెక్కగట్టాడు. తాను రెండుసార్లు మనుషుల్ని నీళ్లలోంచి లాగినప్పుడు మాత్రం ఆ లెక్క వేసే తీరిక లేదనీ రాశాడు. 1957లో భారత్‌కి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక మేరకు శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.