బార్‌కోడ్ వెనక సిగరెట్ పెట్టె

2010 మే దాకా ఫెరారీ ఫార్ములా వన్ కారు మీద ఒక బార్‌కోడ్ ఉండేది. తెలుపు, నలుపు, ఎరుపు నిలువు గీతలు. పేరంటూ ఏమీ లేదు. అయినా దాన్ని చూసి డాక్టర్లకు అనుమానం వచ్చింది. కారు దూసుకుపోతుంటే ఆ గీతలు కలిసిపోయి మార్ల్‌బరో సిగరెట్ పెట్టెలా కనిపిస్తున్నాయన్నారు. అలాంటిదేమీ లేదని ఫెరారీ కొట్టిపారేసింది, కానీ విమర్శలు పెరిగేసరికి బార్‌కోడ్‌ను తీసేసింది. అప్పటికి ఆ జట్టు అధికారిక పేరులోనే మార్ల్‌బరో ఉందనుకోండి, అది వేరే సంగతి!

పేరు లేని గీతలు సిగరెట్‌ను ఎలా గుర్తు చేస్తాయి? దీనికి జవాబు వెతకాలంటే 1968కి వెళ్లాలి. బ్రిటన్ టీవీలో సిగరెట్ ప్రకటనలు 1965లోనే ఆగిపోయాయి. రేసు ప్రసారం మాత్రం ప్రకటన కిందికి రాలేదు. 1968లో కార్ల మీద స్పాన్సర్ల పేర్లకు అనుమతి దొరకగానే లోటస్ జట్టు తన పాత ఆకుపచ్చ రంగు వదిలేసి, గోల్డ్ లీఫ్ సిగరెట్ పెట్టె రంగులైన ఎరుపు, తెలుపు, బంగారు రంగులు పూసుకుంది. అమెరికాలో టీవీ, రేడియో ప్రకటనలు 1971లో ఆగాయి. అక్కడి నాస్కార్ కారు రేసులకు విన్‌స్టన్ సిగరెట్ పేరు తగిలింది కూడా ఆ ఏడాదే.

లోటస్ రంగు మార్చిన 1968లోనే రాబర్ట్ జయోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరిశోధన ప్రచురించాడు. అర్థం లేని మాటలు కొన్నింటిని జనానికి ఎక్కువసార్లు, కొన్నింటిని తక్కువసార్లు చూపించి, వీటి అర్థం మంచిదై ఉంటుందా, చెడ్డదా ఊహించమన్నాడు. ఎక్కువసార్లు కనిపించిన మాటలకే మంచి అర్థం ఉంటుందని వాళ్లకు తోచింది. ఎవరూ పొగడక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. పదేపదే కళ్లబడితే చాలు, అదేదో మనకు తెలిసినదే అన్న భావన వస్తుంది. తెలిసినదాని మీద మనసు తేలిగ్గా మొగ్గుతుంది.

ఎన్నిసార్లు కళ్లబడుతుందో లెక్కపెట్టిన డాక్టరు కూడా ఉన్నాడు. 1989లో అమెరికాలో జరిగిన మార్ల్‌బరో గ్రాండ్ ప్రీ టీవీ ప్రసారాన్ని అలాన్ బ్లమ్ ఓపిగ్గా చూశాడు. 94 నిమిషాల్లో ఆ పేరు 5,933 సార్లు కనిపించింది లేదా వినిపించింది. అంటే సగటున సెకనుకోసారి! డబ్బు పెట్టి కొన్న టీవీ ప్రకటన కూడా ఇంత మొండిగా వెంటపడదు.

మరో ఫార్ములా వన్ జట్టు మెక్‌లారెన్ కార్లకు వేసిన ఎరుపు అచ్చంగా మార్ల్‌బరో పెట్టె ఎరుపు కాదు, నారింజ వైపు మెరిసేది. కంటికి కాదు, టీవీ తెరకు సరిగ్గా ఆ పెట్టె ఎరుపులా కనపడాలని అలా కలిపారు. అందుకే పేరు రాయకూడదన్న చోట పేరు తీసేసినా పెద్ద నష్టం లేకపోయింది. జోర్డాన్ జట్టయితే బెన్సన్ అండ్ హెడ్జెస్ అనే సిగరెట్ పేరు స్థానంలో దాదాపు అవే అక్షరాలతో 'బజ్జిన్ హార్నెట్స్' అని రాసుకుంది. ఖాళీలు పూరించే పని చూసేవాడి జ్ఞాపకానికి వదిలేశారు. తెలివైన పనే, ఒప్పుకోవాలి.

దీని ప్రభావం పిల్లల మీద ఎంత? ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్ల అబ్బాయిల మీద జరిగిన ఒక అధ్యయనం 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మోటార్ రేసింగ్ ఇష్టమన్నవాళ్లలో 12.8 శాతం మంది ఏడాది తిరిగేసరికి క్రమం తప్పకుండా పొగతాగే అలవాటులో పడ్డారు. మిగతావాళ్లలో ఇది 7 శాతం. సాహసం ఇష్టపడే పిల్లలే రేసులూ చూస్తారు, సిగరెట్టూ ముట్టిస్తారు అని వాదించవచ్చు. ఈ ఒక్క అధ్యయనంతో ఆ ముడి విడిపోదు. కానీ ఎదుగుతున్న మెదడు నికోటిన్‌కు త్వరగా లొంగుతుంది కాబట్టి ఆ వయసులో చిన్న తేడా కూడా చిన్నది కాదు. విచిత్రంగా, ఆ ఏడాది నవంబరులోనే ఫార్ములా వన్‌కు పొగాకు స్పాన్సర్‌షిప్ నిషేధం నుంచి మినహాయింపు కావాలని బ్రిటన్ ప్రభుత్వం పట్టుబడుతోంది. ఫార్ములా వన్ అధిపతి బెర్నీ ఎకిల్‌స్టోన్ నుంచి పాలక లేబర్ పార్టీకి 10 లక్షల పౌండ్ల విరాళం అందిన సంగతి బయటపడటంతో గొడవై, పార్టీ ఆ డబ్బు తిరిగి ఇచ్చేసింది.

యూరప్‌లో పొగాకు స్పాన్సర్‌షిప్ నిషేధం 2005 జులై 31 నుంచి అమలైంది. పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందం కూడా ఆ ఏడాదే అమల్లోకి వచ్చింది. కంపెనీలు మాత్రం పూర్తిగా వెళ్లిపోలేదు. 2018లో ఫెరారీ మీద 'మిషన్ విన్నో' అన్న నినాదం కనిపించింది, దాని వెనక ఉన్నది మార్ల్‌బరో అమ్మే ఫిలిప్ మోరిస్. మరుసటి ఏడాది మెక్‌లారెన్‌తో బ్రిటిష్ అమెరికన్ టొబాకో చేతులు కలిపింది. తర్వాత ఆ కార్ల మీదికి వెలో అనే పేరు ఎక్కింది. అది పెదవి కింద పెట్టుకునే నికోటిన్ సంచుల బ్రాండు. అందులో పొగాకు ఆకు ఉండదు, నికోటిన్ మాత్రం ఉంటుంది.