చిన్న క్యాబినెట్, చిన్న బడ్జెట్: ప్రాసెసర్, మదర్‌బోర్డు గురించి అపోహలు - వాస్తవాలు

టేబుల్ మీద ఒక మూలన సరిపోయే కంప్యూటర్ కావాలి. పిల్లల చదువుకు, ఇంటి లెక్కలకు, నాలుగు వీడియోలు చూడటానికి పనికిరావాలి. ఖర్చు తక్కువలో అయిపోవాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసే పనిలో నాకు ఎక్కువగా వినిపించే కోరిక ఇదే. తీర్చడం కష్టమేమీ కాదు. కానీ చాలామంది ప్రాసెసర్‌ను ఒకరు చెబితే కొంటారు, బోర్డును ఇంకొకరు చెబితే కొంటారు, క్యాబినెట్‌ను ఫొటో చూసి కొంటారు. విడివిడిగా అన్నీ మంచివే అయినా, కలిపి బిగించాక పని చేయకపోవచ్చు.

అపోహ: బోర్డుకు హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కదా, బొమ్మ వస్తుంది.

ఒక జూన్ నెలలో కరీంనగర్ నుంచి రిటైర్డ్ మాస్టారు ఒకాయన, మనవరాలి కోసం కొన్న కొత్త కంప్యూటర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. "బాబూ, ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మానిటర్‌లో మాత్రం ఏమీ రావట్లేదు" అన్నారు. అప్పటికే ఇద్దరు చూసి బోర్డు పోయిందని చెప్పారట. బోర్డుకు ఏమీ కాలేదు. ఆయనకు అమ్మిన ప్రాసెసర్ ఇంటెల్ ఐ3-12100ఎఫ్. చివర ఉన్న ఆ ఎఫ్ అక్షరానికి అర్థం, ఇందులో గ్రాఫిక్స్ లేదని.

బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు దారి మాత్రమే. బొమ్మను తయారుచేసేది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగం. అది లేకపోతే విడిగా గ్రాఫిక్స్ కార్డు వేయాల్సిందే. ఎఫ్ ఉన్న ప్రాసెసర్ కొంచెం తక్కువ ధరకు వస్తుంది కాబట్టి బడ్జెట్ అనగానే దాన్నే చూపిస్తుంటారు. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీలో ఇంకో తికమక ఉంది. రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉంటుంది, 5600లో ఉండదు, 5500లోనూ ఉండదు. కొత్త ఏఎం5 సాకెట్‌కు (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) వచ్చే రైజెన్ 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది కానీ 7500ఎఫ్‌లో లేదు. డబ్బు కట్టే ముందు ఆ పూర్తి నంబరును అక్షరంతో సహా చదవండి.

మాస్టారి దగ్గర ప్రాసెసర్ సీలు తీసేశారు కాబట్టి అమ్మినవాళ్లు మార్చి ఇవ్వలేదు. చివరికి పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేసి పంపాను. ఆ చిన్న బోర్డుకు కార్డులు గుచ్చడానికి ఉన్న ఒకే ఒక్క స్లాటు దానితో నిండిపోయింది. వైఫై కోసం ఇక యూఎస్‌బీ డాంగిల్ పెట్టాల్సి వచ్చింది. ఒక్క అక్షరం చూసుకోకపోవడం వల్ల ఆయనకు ఇంత తిప్పట, ఇంత ఖర్చు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అపోహ: ఐ7 ఏదైనా సరే, ఐ3 కన్నా గొప్పదే.

పేరులో ఉన్న 7 కన్నా ఆ తర్వాత వచ్చే జనరేషన్ నంబరు (4770లో 4, 12100లో 12) ముఖ్యం. 2013లో వచ్చిన ఐ7-4770లో 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). 2022లో వచ్చిన ఐ3-12100లోనూ 4 కోర్లు, 8 థ్రెడ్లే. కానీ ఒక్కో కోరు చేసే పనిలో కొత్త ఐ3 చాలా ముందుంటుంది. పాతదాని రేటింగ్ 84 వాట్లు, దీని బేస్ పవర్ 60 వాట్లు.

తక్కువ ధరకు "ఐ7 కంప్యూటర్" అని అమ్మే వాటిలో తరచుగా ఉండేది అలాంటి పాత ప్రాసెసరే. దానికి జతగా దాని జనరేషన్‌ను బట్టి హెచ్61 లేదా హెచ్81 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) ఉన్న బోర్డు వేస్తారు. బోర్డు కొత్తగా తయారైనదే, పెట్టె సీలు కూడా కొత్తదే. చిప్‌సెట్ మాత్రం పదేళ్లు దాటినది, ప్రాసెసర్ ఎవరో వాడి తీసేసినది. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచే మద్దతు ఉంది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంట్లో ఇప్పటికే పాత ఐ7 ఉంటే విండోస్ బదులు లినక్స్ వేసి హాయిగా వాడుకోండి. కొత్తగా డబ్బు పెట్టి దాన్ని కొనొద్దు.

అపోహ: చిన్న కంప్యూటర్ అంటే మినీ ఐటీఎక్స్ బోర్డే ఉండాలి.

మినీ ఐటీఎక్స్ బోర్డు 17 సెంటీమీటర్ల చదరం. మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠంగా 24.4 సెంటీమీటర్ల చదరం, అయితే తక్కువ ధర బోర్డులు చాలావరకు అంతకన్నా సన్నగానే ఉంటాయి. చేతిలో పట్టుకుంటే తేడా పెద్దగా కనిపిస్తుంది. బోర్డును నిలబెట్టి బిగించే చిన్న క్యాబినెట్ తీసుకుంటే టేబుల్ మీద తేడా అంత ఉండదు.

డబ్బులో మాత్రం తేడా తెలుస్తుంది. చాలాసార్లు అదే చిప్‌సెట్‌తో మినీ ఐటీఎక్స్ బోర్డు ధర ఎక్కువ, దొరికే మోడళ్లు తక్కువ. కరెంటు అందించే చిన్న ఎస్ఎంపీఎస్‌కు మళ్లీ అదనం. బోర్డు మీద సాధారణంగా కార్డులు గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఒకటే ఉంటుంది. టీవీ వెనక దాచాలి, సూట్‌కేసులో పెట్టుకుని తిరగాలి అన్నవాళ్లకు మినీ ఐటీఎక్స్ సరైనదే. మిగతావాళ్లకు నేను మైక్రో ఏటీఎక్స్ బోర్డు, పొట్టి క్యాబినెట్ చెబుతాను. మిగిలిన డబ్బుతో ర్యామ్ రెట్టింపు చేయొచ్చు.

అపోహ: ర్యామ్ ఎన్ని జీబీ అన్నదే లెక్క.

గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో ప్రాసెసర్, దానిలోని గ్రాఫిక్స్ రెండూ ఒకే ర్యామ్‌ను పంచుకుంటాయి. డీడీఆర్4-3200 రకం ర్యామ్ స్టిక్ ఒకటే వేస్తే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా వెళ్లే దారి ఉంటుంది. రెండు స్టిక్కులు వేస్తే 51.2 జీబీ. అందుకే 5600జీ లాంటి ప్రాసెసర్‌కు 16 జీబీ స్టిక్ ఒకటి వేయడం కన్నా 8 జీబీవి రెండు వేయడం మేలు. ఎక్సెల్‌లో ఈ తేడా తెలియదు, ఆటల్లో బాగా తెలుస్తుంది. త్వరలోనే 32 జీబీకి వెళ్తామని ఖాయంగా తెలిసినవాళ్లు మాత్రం ఒక 16తో మొదలుపెట్టి రెండోది చేర్చుకోవచ్చు, ఎందుకంటే ఈ ధరలో బోర్డులకు రెండే స్లాట్లు ఉంటాయి.

ఇంకొకటి. హెచ్610 చిప్‌సెట్ బోర్డులు డీడీఆర్4కు వేరు, డీడీఆర్5కు వేరు. గాడి ఉన్న చోటు మారుతుంది, ఒకదాని స్టిక్ మరొకదానిలో కూర్చోదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పాత కంప్యూటర్‌లో మంచి డీడీఆర్4 స్టిక్కులు ఉంటే వాటికి సరిపోయే బోర్డు చూసుకోవడమే తెలివైన పని.

అపోహ: ఇప్పుడు చిన్నది కొని, తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

ఏ సాకెట్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంటెల్ 12, 13, 14 జనరేషన్లు ఎల్‌జీఏ1700 సాకెట్‌వి. 2024 అక్టోబర్‌లో ఇంటెల్ డెస్క్‌టాప్‌లో కొత్త సాకెట్‌కు మారింది. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4 (5600జీ దీనిదే) కూడా దాదాపు దారి చివరికి వచ్చింది. ముందుకు చూపు ఉన్నది ఏఎం5కే, కానీ దానికి డీడీఆర్5 తప్పనిసరి. నా అనుభవంలో ఇంటి కంప్యూటర్‌లో ప్రాసెసర్ మార్చేవాళ్లు అరుదు. రేపటి ఆశ కోసం ఇవాళ ఖరీదైన బోర్డు వద్దని నేను చెబుతాను. ఐ3-12100, హెచ్610 బోర్డు జత, లేదా 5600జీ, ఏ520 బోర్డు జత ఇంటి పనికి ఏళ్ల తరబడి సరిపోతుంది. కొత్త జనరేషన్ ప్రాసెసర్‌ను పాత స్టాకు బోర్డులో వేస్తుంటే బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయి ఉందా అని షాపులోనే అడగండి.

అపోహ: 65 వాట్లని రాసుంది, చిన్న క్యాబినెట్‌లో వేడెక్కదు.

ఐ5-12400 మీద 65 వాట్లని ఉంటుంది. టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, అది 117 వాట్ల దాకా తీసుకోగలదు. మన మే నెలలో గది వేడే 38 డిగ్రీలుంటే, గాలి ఆడని డబ్బాలో ఆ ప్రాసెసర్ వేగం తగ్గించుకుని నడుస్తుంది. చాలా బోర్డుల్లో బయోస్‌లోకి వెళ్లి పవర్ లిమిట్‌ను 65కు కట్టేయొచ్చు, ఇంటి పనుల్లో తేడా కనిపించదు. క్యాబినెట్ వివరాల్లో కూలర్ ఎత్తు ఎంత పడుతుందో తప్పకుండా చూడండి. ఐ3తో పాటు పెట్టెలో వచ్చే కూలర్ 5 సెంటీమీటర్ల లోపే ఉంటుంది, ఏఎండీ చిన్న కూలర్ ఆ కొలతను కాస్త దాటుతుంది. బాగా సన్నని క్యాబినెట్‌లో ఆ కాస్త తేడాకే మూత పడదు.

ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ అతికించి వచ్చే బోర్డుల గురించి కూడా అడుగుతుంటారు. 6 వాట్లు, 4 కోర్లు, ర్యామ్‌కు ఒకటే దారి (మెమరీ ఛానల్). వీడియోలకు, బ్రౌజింగ్‌కు, ఫైళ్లు దాచుకోవడానికి చక్కగా సరిపోతుంది. ఇంజినీరింగ్ చదివే పిల్లలకు మాత్రం ఇవ్వొద్దు.

షాపు నుంచి బయటికి వచ్చే ముందు కంప్యూటర్‌ను అక్కడే ఆన్ చేయించండి. బయోస్ తెరలో రెండు ర్యామ్ స్టిక్కులూ కనిపించాలి. 4కే టీవీకి కలపాలనుకుంటే బోర్డు హెచ్‌డీఎంఐ 60 హెర్ట్జ్ (సెకనుకు 60 బొమ్మలు) ఇస్తుందా, 30 దగ్గరే ఆగుతుందా అడగండి. 30 అయితే మౌస్ కదలిక కూడా తడబడినట్లు ఉంటుంది. ప్రాసెసర్ సీలు ఉన్న పెట్టెలోదే కావాలి, పెట్టె లేని ట్రే ప్రాసెసర్ వద్దు. బోర్డు, ప్రాసెసర్ సీరియల్ నంబర్లు జీఎస్టీ బిల్లు మీద రాయించుకుని, ఆ బిల్లును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వారంటీ మూడేళ్లు ఉన్నా, బిల్లు మీద అచ్చు ఏడాదిలోనే వెలిసిపోతుంది.