మోచెయ్యి వంచి విసిరే కుమార్

చిరంజీవులకు,

మీరు పంపిన బేస్‌బాల్ వీడియో చూశాను. దాని కింద రెండు ప్రశ్నలు పెట్టారు: "తాతయ్యా, ఈ కుమార్ రాకర్ మనవాడేనా?" అని ఒకటి, "మోచెయ్యి అంతలా వంచుతున్నాడు, ఇది చకింగ్ కాదా?" అని ఇంకొకటి. ఫోన్లో చెబుదామంటే మీరిద్దరూ ఒకేసారి మాట్లాడతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు: సగం. వాళ్లమ్మ మన దేశం నుంచి అమెరికాకి వలస వెళ్లిన దంపతుల కూతురు. నాన్న ట్రేసీ రాకర్ నల్లజాతి అమెరికన్, ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్లో పేరు మోసిన ఆటగాడు. 1988లో ఆబర్న్ యూనివర్సిటీకి ఆడుతూ అవుట్‌ల్యాండ్, లొంబార్డి అనే రెండు పెద్ద ట్రోఫీలూ ఒకే ఏడు గెలిచాడు. తర్వాత కోచ్ అయ్యాడు. కుమార్ 1999 నవంబరులో పుట్టాడు. ఇప్పుడు 6 అడుగుల 5 అంగుళాలు. ఆ ఒడ్డూ పొడుగూ చూస్తే ఎవరైనా తండ్రి ఆటకే పోతాడనుకుంటారు. ఇతను మాత్రం బేస్‌బాల్ బంతి పట్టుకున్నాడు.

ఇక చకింగ్, అంటే బౌలర్ మోచెయ్యి వంచి బంతి విసరడం, సంగతి. క్రికెట్లో బౌలర్ మోచేతిని 15 డిగ్రీలకి మించి చాపకూడదు. బేస్‌బాల్లో ఆ రూలే లేదు. బంతి నేల మీద పడి లేవడమూ ఉండదు. పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు, 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బ్యాటర్ పక్కగా, వెనక వికెట్ కీపర్‌లా కూర్చున్న క్యాచర్ గ్లవ్‌లోకి నేరుగా విసురుతాడు. మన పిచ్ 66 అడుగులు కదా, దానికంటే కాస్త తక్కువ. పరుగెత్తుకుంటూ రావడం లేదు, ఉన్నచోటే కాలెత్తి ఒక అడుగు ముందుకేసి వదలాలి. అలా నిలబడి గంటకి 150 కిలోమీటర్లు దాటించాలంటే చెయ్యి కొరడాలా వెనక్కి వంగి ఒక్కసారిగా విచ్చుకోవాలి. ఆ విసురు భారమంతా పడేది మోచెయ్యి లోపలివైపు ఉండే ఒక చిన్న లిగమెంట్ మీద, అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ మీద. అది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

కుమార్ జార్జియాలో నార్త్ ఒకోనీ హైస్కూల్లో చదివాడు. 2018లో కొలరాడో రాకీస్ అనే టీము అతన్ని డ్రాఫ్ట్‌లో తీసుకుంది. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలంలా పాటపాడటం కాదు. టీములు వరసలో నిలబడి ఒక్కొక్కరి పేరు చెబుతాయి. ఎవరు నీ పేరు చెబితే వాళ్లతోనే నువ్వు బేరం మాట్లాడుకోవాలి, ఇంకో టీముతో మాట్లాడే వీల్లేదు. ఆ ఏడు 40 రౌండ్లు జరిగితే ఇతని పేరు 38వ రౌండులో వచ్చింది. కుర్రాడు కాలేజీకి వెళ్లేవాడని అందరికీ తెలుసు, వస్తే వస్తాడని ఒక రాయి వేశారన్నమాట. అతను వెళ్లలేదు. టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ ఊళ్లో ఉన్న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు.

అక్కడ మొదటి ఏడాదే, 2019 జూన్ 8న, డ్యూక్ యూనివర్సిటీ మీద ఆడిన ఆట గురించి చెప్పాలి. ముందురోజు వాండర్‌బిల్ట్ చిత్తుగా ఓడింది. ఇది కూడా పోతే ఆ ఏడాదికి ఇంటికే. బంతి 19 ఏళ్ల కుమార్ చేతికిచ్చారు.

ఆటలో ఒక టీముని మొత్తం 27 సార్లు అవుట్ చెయ్యాలి, తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి ముగ్గురు. బ్యాటర్ ఊపి తప్పినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా అది ఒక స్ట్రైకు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్, దాన్నే స్ట్రైకవుట్ అంటారు. ఫీల్డర్ల సాయం అక్కర్లేదు, పిచ్చరూ క్యాచరూ చాలు. ఆ రాత్రి 27లో 19 మందిని కుమార్ అలా పంపించాడు. ఒక్క హిట్ ఇవ్వలేదు, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరినవాడు ఒక్కడూ లేడు. వాండర్‌బిల్ట్ 3-0తో గెలిచింది. ఆ దశ పోటీల్లో, అంటే సూపర్ రీజనల్స్‌లో, నో-హిట్టర్ పడటం అదే మొదటిసారి.

ఆ ఆట వీడియో దొరికితే అతని స్లైడర్ చూడండి. ఫాస్ట్‌బాల్ లాగే బయల్దేరుతుంది. బ్యాటర్ ఊపడం మొదలెట్టేస్తాడు. ఇక ఆపుకోలేని క్షణంలో బంతి పక్కకీ కిందకీ జారిపోతుంది. బంతి కిందికి పోతుంటే బ్యాట్ ఖాళీ గాల్లో తిరుగుతూ ఉంటుంది. కాలేజీ స్థాయి బాగా ఆడేవాళ్లు కూడా గల్లీ పిల్లల్లా కనిపించారు ఆ రాత్రి.

అందరూ ఆ 19 గురించి మాట్లాడతారు. నా కన్ను ఇంకో అంకె మీద పడింది: 131. ఆ రాత్రి అతను విసిరిన బంతులు అవి. మేజర్ లీగుల్లో, అంటే ఇక్కడి పై స్థాయి పోటీల్లో, పెద్దవాళ్లని 100 దగ్గరికి రాగానే దింపేస్తారు. ఆ రాత్రి వల్లే తర్వాతవన్నీ జరిగాయని నేననను, అలా అనడానికి నేను డాక్టర్ని కాను. కానీ మీ అమ్మ చెయ్యి నొప్పి అంటేనే కంగారుపడే మనిషిని, లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

అదే నెలలో ఒమాహాలో జరిగిన కాలేజ్ వరల్డ్ సిరీస్, అంటే కాలేజీ టీముల ఆఖరి పోటీ, వాండర్‌బిల్ట్ గెలిచింది, మేటి ఆటగాడి బహుమతి కుమార్‌కి వచ్చింది. 2020 కోవిడ్‌లో పోయింది. 2021లో అతనూ, జాక్ లైటర్ అనే తోటి కుర్రాడూ చెరి 179 స్ట్రైకవుట్లు చేశారు. ఫైనల్లో మాత్రం మిసిసిపి స్టేట్ చేతిలో ఓడిపోయారు.

ఇప్పుడు అసలు కథ. 2021 జూలై డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ అనే మేజర్ లీగు టీము అతన్ని పదో పేరుగా తీసుకుంది. 60 లక్షల డాలర్లకి మాట కుదిరింది, మన లెక్కలో అప్పటికి సుమారు 45 కోట్లు. తర్వాత వైద్య పరీక్షలు చేశారు. చేతి విషయంలో మెట్స్‌కి అనుమానం వచ్చింది. చెయ్యి బాగానే ఉందని అతని ఏజెంట్ స్కాట్ బోరాస్ అన్నాడు. సంతకానికి ఆగస్టు 1 గడువు. గడువు దాటిపోయింది, మెట్స్ సంతకం పెట్టించుకోలేదు. బేరం చెడితే ఇంకో టీముకి వెళ్లొచ్చు కదా అంటారేమో. వీల్లేదు, మళ్లీ ఏడాది డ్రాఫ్ట్ దాకా ఆగాల్సిందే. టీముకి మాత్రం ఆ ఖాళీకి బదులుగా మరుసటి ఏడు 11వ ఎంపిక ఇచ్చారు. వస్తువులో లోపం ఉందేమోనని కొనడం మానుకునే హక్కు కొనేవాడికి ఉండాల్సిందే, కాదనను. కానీ నష్టపరిహారం ఒకవైపే వెళ్లే ఈ రూలు నాకు ఎప్పటికీ నచ్చదు.

ఆ సెప్టెంబరులో అతని భుజానికి చిన్న ఆపరేషన్ జరిగిందని తర్వాత బయటికొచ్చింది. కాలేజీకి తిరిగి వెళ్లలేదు. 2022 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే టీములో చేరాడు. అది ఫ్రాంటియర్ లీగు, ఏ పెద్ద టీముకీ అనుబంధం కాదు. పేరు మోసిన కుర్రాళ్లు తొక్కే గడప కాదది. అతను వెళ్లింది ఒక్క పనికి: చెయ్యి పనిచేస్తోందని అందరి కళ్లకీ చూపించడానికి. ఐదు ఆటలు, 20 ఇన్నింగ్స్, 32 స్ట్రైకవుట్లు. ఆ జూలైలో టెక్సస్ రేంజర్స్ మూడో పేరుగా అతన్ని పిలిచింది, 52 లక్షల డాలర్లకి. పదో స్థానంలో వద్దన్నవాణ్ని ఏడాది తిరిగేసరికి మూడో స్థానంలో తీసుకున్నారు! జాక్ లైటర్‌ని అంతకుముందు ఏడే రేంజర్స్ తీసుకుంది కాబట్టి, పాత జోడీ మళ్లీ ఒక గూటికి చేరింది.

సంతకం పెట్టగానే టీవీలో కనిపిస్తారనుకోకండి. కింద మైనర్ లీగులు మెట్లు మెట్లుగా ఉంటాయి, బస్సు ప్రయాణాలు, చిన్న ఊళ్లు. 2023లో మైనర్ లీగు ఆటగాళ్ల ఒప్పందం మారాక కూడా, ఆ ఏడు పై మెట్టు ట్రిపుల్-ఏలో ఏడాదికి కనీస జీతం 35,800 డాలర్లు. మేజర్ లీగుకి ఎక్కితే 2024లో అదే కనీసం 7,40,000. ఆ ఒక్క మెట్టు కోసమే కుర్రాళ్లు ఏళ్లకేళ్లు కాచుకుంటారు.

కుమార్ నార్త్ కరోలినాలో హికరీ టీముతో మొదలెట్టాడు. ఆరు ఆటలు ఆడాడో లేదో, 2023 మేలో మోచెయ్యి లిగమెంట్ ఆపరేషన్ దాకా వచ్చింది. మొదట గుర్తుపెట్టుకోమన్నది అదే.

ఒక పని చెయ్యండి. అరచెయ్యి పైకి పెట్టి, బొటనవేలూ చిటికెనవేలూ కలిపి, మణికట్టు కాస్త లోపలికి వంచండి. మణికట్టు నడిమధ్య సన్నగా ఒకటి పైకి లేస్తుంది. అది ఒక టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడు. కొందరికి పుట్టుకతోనే ఉండదు, మీలో ఎవరికి లేకపోయినా ఏడవకండి, దాని పని పెద్దగా ఏమీ లేదు. లేకపోయినా నడిచిపోతుంది కాబట్టే డాక్టర్లు చాలాసార్లు దాన్నే తీసి, మోచేతి ఎముకలకి రంధ్రాలు చేసి, తెగిన లిగమెంట్ స్థానంలో అమరుస్తారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఇలా చేసింది టామీ జాన్ అనే పిచ్చర్‌కి. అందుకే దీన్ని టామీ జాన్ సర్జరీ అంటారు. ఆయన 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. కెరీర్‌లో గెలిచిన 288 ఆటల్లో 164 ఆపరేషన్ తర్వాతవే.

కుమార్ 2024 జూలైలో మళ్లీ బంతి పట్టాడు. కోలుకుంటూ మా ఊరు ఫ్రిస్కోలోనూ ఆడాడు. ఇక్కడి మైదానంలో అవుట్‌ఫీల్డ్ వెనకాల ఈతకొలను ఉంది, జనం నీళ్లలో తేలుతూ ఆట చూస్తారు. మీరొస్తే తీసుకెళ్తాను. సెప్టెంబరు 12న సియాటెల్లో తొలిసారి మేజర్ లీగు ఆట: నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకవుట్లు. 2025 ఏప్రిల్లో మొదటి గెలుపు. అదే నెలలో భుజం నొప్పితో పక్కన కూర్చున్నాడు. ఆగస్టులో తిరిగి కింది మెట్టు రౌండ్ రాక్‌కి పంపారు.

రేంజర్స్ వేసవిలో తమ సొంతూరు ఆర్లింగ్టన్‌లో రాత్రి 7కి ఆడితే మీకు తెల్లవారి 5:30 అవుతుంది. చూస్తే చూడండి గానీ టీవీ సౌండు తగ్గించుకోండి. మీ అమ్మ లేచిందంటే తిట్లు నాకే.

ఇట్లు,
మీ తాతయ్య,
ఫ్రిస్కో, టెక్సస్