రాగిలో సిరామిక్ రేణువులు: గట్టిదనం అంకె చెప్పని సంగతులు

మెత్తబరచిన స్వచ్ఛమైన రాగి గట్టిదనం వికర్స్ కొలతలో (వజ్రపు మొనతో నొక్కి, పడిన గుంటను బట్టి లెక్కించేది) సుమారు 40 నుంచి 50. ఉక్కు మీద రాసుకుంటే ఇట్టే అంటుకుని పొరలుగా లేచివస్తుంది. అయినా వెల్డింగ్ ఎలక్ట్రోడ్లకు, కదిలే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే జారుడు కాంటాక్టులకు దాన్ని వదులుకోలేం. గది ఉష్ణోగ్రతలో కరెంటును అంతకంటే బాగా మోసే లోహం వెండి ఒక్కటే. గట్టిపరచడానికి వేరే లోహం కలిపితే దాని పరమాణువులు రాగి స్ఫటికంలో కరిగి ఎలక్ట్రాన్లకు అడ్డుపడతాయి, వాహకత పడిపోతుంది. కరగని సిరామిక్ రేణువుతో ఆ నష్టం తక్కువ. అది ఆక్రమించే చోటుకు తగ్గట్టే వాహకత తగ్గుతుంది.

అందుకే పాళ్ల దగ్గరే జాగ్రత్తపడాలి. బరువులో 5 శాతం సిలికాన్ కార్బైడ్ అనే సిరామిక్ అంటే చాలా తక్కువనిపిస్తుంది. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.21 గ్రాములు, రాగిది 8.96. లెక్కవేస్తే ఘనపరిమాణంలో అది దాదాపు 13 శాతం! రంధ్రాలు లేకుండా కుదిరితే ఆ మిశ్రమం సాంద్రత 8.22 ఉండాలి. తయారైన ముక్క 7.6 తూగితే ఏడెనిమిది శాతం రంధ్రాలున్నట్టే. ఏ పరీక్షకైనా ముందు ఈ తూకం చూడటం మంచిది.

45 మైక్రాన్ల లోపు రాగి పొడి, 2 నుంచి 5 మైక్రాన్ల సిరామిక్ పొడి తీసుకుని బాల్ మిల్‌లో పొడికి పదింతల బరువు గుండ్లతో, నిమిషానికి 200–300 చుట్ల వేగంతో కలుపుతారు. రాగి గుండ్లకు అంటుకోకుండా 1 శాతం దాకా స్టియరిక్ ఆమ్లం వేస్తారు. తర్వాత 500–600 మెగాపాస్కల్ ఒత్తిడితో అచ్చు నొక్కి, 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర హైడ్రోజన్ కలిసిన ఆర్గాన్‌లో గంటసేపు సింటరింగ్ చేస్తారు, అంటే కరిగించకుండానే వేడితో పొడి రేణువులను ఒకదానికొకటి అతికిస్తారు. దారిలో 400–450 డిగ్రీల దగ్గర అరగంట ఆగి ఆమ్లాన్ని వెళ్లగొట్టాలి. తొందరపడితే ముక్క ఉబ్బుతుంది. పొడి మీది ఆక్సైడ్‌తో హైడ్రోజన్ కలిసి నీటి ఆవిరి పుడుతుంది. అది బయటపడేలోపే రంధ్రాలు మూసుకుంటే లోపలే చిక్కి పగుళ్లు తెస్తుంది.

చిక్కంతా రాగికీ సిరామిక్ రేణువుకూ మధ్య అతుకు దగ్గర. అల్యూమినాతో (అల్యూమినియం ఆక్సైడ్) రాగి చర్య జరపదు కానీ దాన్ని సరిగా అంటిపెట్టుకోదు. సిలికాన్ కార్బైడ్‌ది వేరే గొడవ. వేడి ఎక్కువైనకొద్దీ అది విడిపోతుంది, సిలికాన్ రాగిలో కరిగి వాహకతను దెబ్బతీస్తుంది. రేణువుల మీద ముందే రాగి లేదా నికెల్ పూత వేయడం రెంటికీ పనికొచ్చే ఉపాయం, శ్రమ ఎక్కువే అయినా. నికెల్ పూత పలచగా ఉండాలి, అదీ రాగిలో కరుగుతుంది.

ఇక గట్టిదనం కొలత. 80 వికర్స్ ఉన్న ముక్క మీద 50 గ్రాముల బరువుతో పడే గుంట కర్ణం 34 మైక్రాన్లే. కింద 20 మైక్రాన్ల సిరామిక్ రేణువుల గుంపు తగిలితే అంకె ఎగిరిపోతుంది, ఖాళీ రాగి తగిలితే పడిపోతుంది. 10 కిలోల బరువుతో గుంట కర్ణం అర మిల్లీమీటరుకు చేరువవుతుంది, అప్పుడు పలికేది మొత్తం మిశ్రమం. పోలికకు బజారు రాగి కడ్డీ పెట్టడం దండగ. అదే మిల్, అదే అచ్చు, అదే కొలిమి దాటిన వట్టి రాగి ముక్కే కావాలి. లేదంటే మిల్లింగ్ తెచ్చిన మార్పును కూడా సిరామిక్ ఖాతాలో వేసేస్తాం.

అరుగుదల గురించి ఆర్చర్డ్ అనే శాస్త్రవేత్త 1953లో ఇచ్చిన సూత్రం ప్రకారం అరిగే ఘనపరిమాణం బరువుకు, జారిన దూరానికి అనులోమంగా, గట్టిదనానికి విలోమంగా ఉంటుంది. ఆ సూత్రంలోనే ఒక గుణకం ఉంది, రాసుకునే పదార్థాల జతను బట్టి అది ఎన్నో రెట్లు మారుతుంది. అతుకు గట్టిగా ఉన్నంతకాలం రేణువులు భారాన్ని మోస్తూ రాగి ఉక్కుకు అంటకుండా ఆపుతాయి. అతుకు వదిలితే ఊడిన రేణువు రెండు తలాల మధ్య దొర్లుతూ ఉప్పుకాగితంలా ఇద్దరినీ గీకుతుంది. గట్టిదనం పెరిగినా అరుగుదల తగ్గని ముక్కల్లో మొదట అనుమానించాల్సింది రేణువుల గుంపులను, వాటి మధ్య మిగిలిన రంధ్రాలను.

తిరిగే ఉక్కు డిస్క్ మీద ముక్కను పిన్నులా నొక్కి అరగదీసే పిన్-ఆన్-డిస్క్ పరీక్షలో పిన్నుతోపాటు ఉక్కు డిస్క్‌ను కూడా పరిశీలించాలి. పిన్ను బాగానే ఉండి డిస్క్ గాడి పడితే అది గెలుపేమీ కాదు. బరువు నష్టాన్ని నేరుగా పోల్చడమూ తప్పే. 20 మిల్లీగ్రాములు పోతే వట్టి రాగిలో అది 2.23 ఘన మిల్లీమీటర్లు, 8.22 సాంద్రత ఉన్న పై మిశ్రమంలో 2.43.

అరుగుదలను గట్టిదనం ఒక్కటే నిర్ణయించదు. జారుడు కాంటాక్టులకు గ్రాఫైట్ కలపడానికి కారణం ఇదే. దానితో గట్టిదనం తగ్గుతుంది, కానీ తలం మీద కందెన పొర ఏర్పడి అరుగుదలా తగ్గుతుంది. స్పాట్ వెల్డింగ్ ఎలక్ట్రోడ్ జారదు, వేడిలో నలుగుతుంది. దానికి కావలసింది వేడెక్కినా మెత్తబడని రాగి. గ్లిడ్‌కాప్ పేరుతో అమ్మే, అల్యూమినాతో గట్టిపరచిన రాగి లాంటి రకాల్లో అల్యూమినా పొడిని బయటినుంచి కలపరు. రాగిలో కొద్దిగా కరిగిన అల్యూమినియాన్ని లోపలే ఆక్సీకరిస్తారు, నానోమీటర్ల స్థాయి రేణువులు అక్కడే పుడతాయి. బరువులో 0.3 శాతం అల్యూమినాతోనే ఆ రకం స్వచ్ఛమైన రాగి వాహకతలో సుమారు 90 శాతం నిలుపుకుంటుంది. క్రోమియం–జిర్కోనియం రాగి మెత్తబడిపోయే వేడిలో కూడా గట్టిగా ఉంటుంది.