రిటైరయ్యాక తిరుపతిలో ఉందామా, చిత్తూరా, మదనపల్లెనా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లు చూపించడం, కొనబోయే ఇంటి కాగితాలు తిరగేసి బాగోగులు చెప్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో రిటైరైన దంపతులు చాలామంది. బ్యాంకుల్లో చేసినవాళ్లు, టీచర్లు, ఆర్టీసీ వాళ్లు, పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు. అందరూ అడిగేది దాదాపు ఒకటే. ఖర్చు పింఛనులో సరిపోవాలి, భయం లేకుండా ఉండాలి, ఎండ మరీ ఎక్కువ ఉండకూడదు, వీలైతే స్వామికి దగ్గరగా ఉండాలి. న్యాయమైన కోరికలే. కానీ వాళ్లు ఇల్లు చూసేటప్పుడు అరవై ఏళ్ల ఓపికతో చూస్తారు. ఎనభై ఏళ్లప్పుడు ఆ మెట్లు ఎక్కాల్సింది, ఆ ఊరి నుంచి ఆసుపత్రికి పోవాల్సింది కూడా తామేనని ఆలోచించరు. ఇది రాయడానికి అదే కారణం.

అపోహ: తిరుపతి కొండ కింద ఊరు కదా, చల్లగానే ఉంటుంది.

చల్లగా ఉండేది కొండ మీద. తిరుమల దాదాపు 2,800 అడుగుల ఎత్తులో ఉంది. తిరుపతి ఐదువందల అడుగుల దగ్గర ఉంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు. పగలంతా కాగిన శేషాచలం రాళ్లు పొద్దుపోయాక కూడా వేడి వదులుతూనే ఉంటాయి కాబట్టి రాత్రుళ్లు కూడా ఉక్కగానే ఉంటుంది. డిసెంబరులోనో జనవరిలోనో దర్శనానికి వచ్చి, ఊరు హాయిగా ఉందని అడ్వాన్సు ఇచ్చేయాలనుకునేవాళ్లను నేను ఆపుతుంటాను. మే నెలలో వచ్చి ఒక వారం ఉండండి, అదీ పై అంతస్తులో, పడమటి ఎండ గోడకు కొట్టే ఫ్లాటులో ఉండండి అంటాను. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు ఈ మాట మరీ పట్టించుకోవాలి. వాళ్లకు వడదెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ.

ఎండ సంగతైనా కొందరు అడుగుతారు. వాన సంగతి ఎవరూ అడగరు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మనకు రెండు మూడు రోజులు ముసురే. 2021 నవంబరులో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు గుర్తుంది. ఊళ్లో రోడ్లు కాలువలయ్యాయి, ఘాట్ రోడ్డులో కొండచరియలు పడ్డాయి, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఇళ్లు కూలి ఏట్లో కలిశాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కాబట్టి ఇల్లు చూసినప్పుడు బ్రోకరును అడగొద్దు. ఆ వీధిలో చిల్లర అంగడి ఆయన్ని అడగండి, 2021లో నీళ్లు ఎంతదాకా వచ్చాయని. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

అపోహ: అయితే మదనపల్లె, హార్సిలీ హిల్స్ వైపే మేలు. ఎప్పుడూ చల్లగా ఉంటుంది.

వాతావరణం మాట నిజమే. మదనపల్లె, పలమనేరు రెండూ సముద్ర మట్టానికి 2,200 అడుగులకు పైన ఉన్నాయి. తిరుపతితో పోలిస్తే ఎండ మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది, రాత్రి ఫ్యాను చాలు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల కోసం శానిటోరియం తెరిచారంటే అక్కడి పొడి గాలి, మితమైన ఎండే ముఖ్య కారణం. చిత్తూరు పట్నం ఈ రెంటికీ మధ్యస్తం. వెయ్యి అడుగుల ఎత్తు, తిరుపతి కంటే కొంచెం నయం, మదనపల్లె అంత హాయి ఉండదు.

హార్సిలీ హిల్స్ మాత్రం కాపురం ఉండే చోటు కాదు. నాలుగు వేల అడుగులకు పైన ఉంది. సెలవులకు ఎంత బాగుంటుందో, కీళ్ల నొప్పులున్నవాళ్లకు డిసెంబరు అంత కష్టంగా ఉంటుంది. కొండ మీద పెద్దాసుపత్రి లేదు, మందుల కోసం కూడా ఘాట్ రోడ్డు దిగాలి. భూమిలో ఎక్కువ భాగం అడవిది, ప్రభుత్వానిది. అక్కడ సెంటు స్థలం అమ్ముతామని ఎవరైనా వస్తే ముందు కాగితాలు చూడండి.

మదనపల్లె, పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు అసలు సమస్య నీళ్లు. ఈ పడమటి మండలాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటి వేసిన చోట్లున్నాయి. హంద్రీనీవా ఎత్తిపోతల పథకం నీళ్లు కాలువలోకి వచ్చినా మీ వీధి కొళాయిలోకి ఏ రోజు వస్తాయన్నది వేరే ప్రశ్న. చాలాచోట్ల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఇల్లు చూసినప్పుడు మూడు అడగాలి. మునిసిపల్ కొళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది, బోరు ఎన్ని అడుగులు, ఏప్రిల్లో ట్యాంకరు తోలించుకుంటారా. ఆ బోరు నీళ్లు ఒక సీసా పట్టుకుని పరీక్ష చేయించండి. వయసులో ఉన్నవాళ్ల ఎముకలనే ఫ్లోరైడు పాడు చేస్తుంది, పెద్దవాళ్ల మోకాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

పలమనేరు, కుప్పం చుట్టుపక్కల పొలంలో ఇల్లు కట్టుకుని ఉందామనుకునేవాళ్లకు ఇంకో మాట. కౌండిన్య అడవి ఏనుగులు అక్కడి చేలల్లోకి తరచూ దిగుతాయి. పట్నంలో ఉంటే భయం లేదు, ఊరికి దూరంగా ఒంటరి ఇల్లు వద్దు. తిరుపతిలోనూ శేషాచలం అంచున ఉన్న కాలనీల్లో చిరుతలు కనబడుతుంటాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుతకు బలైన సంగతి ఎవరం మరిచిపోలేదు. కొండ పక్కన ఇల్లు తీసుకుంటే తెల్లవారక ముందే వాకింగ్‌కు వెళ్లే అలవాటు మానుకోవాలి.

అపోహ: ఆసుపత్రి ఊళ్లో ఉంటే చాలు.

ఈ విషయం మీద నేను ఎంత చెప్పినా తక్కువే. ఊళ్లో ఆసుపత్రి ఉందా అని అడుగుతారు గానీ, రాత్రి రెండు గంటలకు అక్కడ సీటీ స్కాన్ తీస్తారా అని అడిగేవాళ్లు అరుదు. పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపు పడాలి, అదీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని చూశాకే ఇస్తారు. ఇందులో ఇంట్లోవాళ్లు గుర్తుపట్టేసరికి పోయే సమయం ఉంటుంది, బండి వచ్చేసరికి పోయే సమయం ఉంటుంది. మిగిలినదానిలో ప్రయాణం ఎంత?

ఈ లెక్కన తిరుపతికి సాటి లేదు. స్విమ్స్, రుయా, ఎముకలకు టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి, మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. చిత్తూరుకు ఇంకో రకం బలం ఉంది. వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి) అక్కడికి నలభై కిలోమీటర్ల లోపే. తిరుపతి నుంచైతే వంద దాటుతుంది. క్యాన్సరు, కిడ్నీ లాంటి దీర్ఘకాలం జబ్బులకు సీఎంసీలోనే చూపించుకుంటున్నవాళ్లకు చిత్తూరు చెబుతాను. ఖర్చు కూడా తక్కువ, ఊరు నెమ్మది. మదనపల్లెలో చిన్నా చితకా వైద్యానికి ఇబ్బంది లేదు. పెద్ద కేసయితే తిరుపతికో బెంగళూరుకో పోవాలి, ఎటు పోయినా 120 కిలోమీటర్లు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు, ఒకసారి పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్లు అక్కడి చల్లదనం కోసం వెళతామంటే నేను వద్దనే చెబుతాను. ఒంట్లో బాగుండి, ఇద్దరూ కారు నడపగలిగినవాళ్లయితే పదేళ్లు హాయిగా ఉండొచ్చు.

ఇల్లు ఖాయం చేసేముందు ఒక పని చేయండి. రాత్రి పదకొండు దాటాక ఆ ఇంటి దగ్గర నుంచి ఆసుపత్రి అత్యవసర విభాగం గుమ్మం దాకా వెళ్లి చూడండి. బండి దొరకడానికి ఎంతసేపు పట్టింది, సందులోకి అంబులెన్స్ తిరుగుతుందా, లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా. చాలా అపార్టుమెంట్లలో పట్టదు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. ఆ కార్డుకైనా, మీ సొంత ఇన్సూరెన్సుకైనా మీరు చూసుకున్న ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

అపోహ: తిరుపతిలో ఉంటే ఎప్పుడంటే అప్పుడు దర్శనం.

మిగతా భక్తులకున్న నియమాలే మనకూ. స్థానికుల కోసం 2024 డిసెంబరు నుంచి నెలలో మొదటి మంగళవారం ప్రత్యేక దర్శనం పెట్టారు. దానికి ఆధార్‌లో ఇక్కడి చిరునామా ఉండాలి, టోకెన్లూ పరిమితమే. 65 దాటినవాళ్లకు ఆన్‌లైన్‌లో వేరే కోటా ఉంది. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. పెద్దవాళ్లు అలాంటి రోజుల్లో క్యూల జోలికి పోవద్దని చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను.

ఇక్కడ ఉండడంలో నిజమైన భాగ్యం వేరే ఉంది. సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లడం, కార్తీకంలో కపిలతీర్థం, తిరుచానూరులో అమ్మవారు, శ్రీనివాస మంగాపురం. అవి రోజూ అందుబాటులో ఉంటాయి. ఇంకోటి గమనించండి. స్టేషనుకు, బస్టాండుకు దగ్గరి అపార్టుమెంట్లలో ఫ్లాట్లను యాత్రికులకు రోజు అద్దెకు ఇస్తున్నారు. ఎదురింట్లో ఈ రాత్రి ఎవరుంటారో మీకు తెలియదు. అసోసియేషన్ వాళ్లు దాన్ని ఒప్పుకుంటున్నారా లేదా అని అడగండి.

అపోహ: వచ్చిన డబ్బుతో ముందు ఇల్లు కొనేయాలి, అద్దె దండగ.

గ్రాట్యుటీ, పీఎఫ్ చేతికి రాగానే కొనేయాలని తొందర. కనీసం ఒక ఏడాది అద్దెకు ఉండండి. ఒక మే నెల, ఒక నవంబరు, ఒక బ్రహ్మోత్సవం ఆ ఊళ్లో గడవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీతో కలిపి ఏడున్నర శాతం అవుతుంది, అంటే 40 లక్షల ఫ్లాటుకు 3 లక్షలు. నచ్చక అమ్మి ఇంకోటి కొంటే మళ్లీ అంత. ఆ 3 లక్షలతో మామూలు ఇంట్లో చాలా నెలలు అద్దెకు ఉండొచ్చు.

ఇక కాగితాలు. తిరుపతి చుట్టూ దేవస్థానం భూములు, మఠం భూములు, చెరువు పోరంబోకు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టాలు అన్నీ కలగలిసి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా ఒకటుంది. ముందు సర్వే నంబరు అందులో ఉందేమో చూడండి. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2023లో సడలింపు ఇచ్చారు, ఆ తర్వాత ప్రభుత్వం మారి ఆ రిజిస్ట్రేషన్లను ఆపి విచారణ పెట్టింది. ఈ వయసులో అలాంటి భూమి మీకెందుకు? ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉంది కదా అంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనబడతాయి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, అన్నదమ్ముల తగాదాలు అందులో ఉండవు. ముప్పై ఏళ్ల ఈసీతో పాటు లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బీ అనే భూమి రికార్డులు కూడా తీసి లాయరుకు చూపించండి. 'పంచాయతీ అప్రూవ్డ్' అని చెప్పే లేఅవుట్ వద్దు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉండాలి, పెద్ద వెంచరైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు కూడా ఉండాలి.

అపోహ: చిన్న ఊరైతే పింఛనులో సగం మిగులుతుంది.

అద్దె తగ్గుతుంది, కూరగాయలు తగ్గుతాయి. మందుల ధర, ఇన్సూరెన్సు ప్రీమియం ఎక్కడైనా అంతే. ఆసుపత్రికి కారు మాట్లాడుకోవాల్సి వస్తే మిగిలింది అక్కడే పోతుంది.

అపోహ: పుణ్యక్షేత్రం, దొంగల భయం ఉండదు.

జనం వచ్చిపోయే ఊరు, జాగ్రత్త అవసరం. ఊరెళితే పోలీసు స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. అయితే నాకు తెలిసిన పెద్దవాళ్లు ఎక్కువగా నష్టపోయింది తాళం పగలగొట్టిన దొంగల వల్ల కాదు, ఫోన్ వల్ల. పోలీసులమని చెప్పి, 'డిజిటల్ అరెస్ట్' అంటూ వీడియో కాల్ చేసి బెదిరిస్తారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

అపోహ: ఉన్న ఇల్లు పిల్లల పేరున రాసేసి, నిశ్చింతగా ఇక్కడ అద్దెకు ఉండొచ్చు.

రాయొద్దు. వీలునామా రాయండి, అది మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, మనసు మారితే మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ తప్పదనుకుంటే, మమ్మల్ని చూసుకోవాలన్న షరతును అందులోనే స్పష్టంగా రాయించండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో 23వ సెక్షన్ ఉంది. షరతు ఉండి, పిల్లలు దాన్ని తప్పితే ఆ బదిలీని రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. షరతు రాయకపోతే కేసు బలహీనమవుతుంది. ట్రిబ్యునల్‌కు ఆర్డీవో అధ్యక్షుడు, అర్జీ రాసుకుని నేరుగా వెళ్లొచ్చు. ఎలా రాయాలో, ఎవరిని కలవాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.