నల్ల పట్టీల లెక్క

కొత్త టీవీ కొన్న బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, సినిమా పెడితే పైనా కిందా నల్ల పట్టీలు. మా పెళ్లి వీడియో పెడితే కుడీ ఎడమా నల్ల పట్టీలు. అసలీ తెర దేనికి సరిపోయేట్టు చేశారు?"

ఆ రెంటిలో దేనికీ కాదు! కావాలనే అలా చేశారు.

పాత టీవీ తెర 4:3, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు. బాబాయి పెళ్లి వీడియోదీ అదే కొలత. సినిమాస్కోప్ బొమ్మ, తెలుగులో 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'తో మొదలైనది, ఎత్తుకి దాదాపు 2.35 రెట్లు వెడల్పు. 1980లలో హెచ్‌డీ టీవీకి కొలత వెతుకుతున్నప్పుడు కెర్న్స్ పవర్స్ అనే అమెరికా ఇంజనీరు, వాడుకలో ఉన్న నిష్పత్తులన్నిటికీ సమాన వైశాల్యంతో దీర్ఘచతురస్రాలు చేసి, మధ్యలు కలిసేలా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అన్నిటినీ చుట్టే పెద్ద చట్రం, అన్నిటికీ ఉమ్మడిగా మిగిలే చిన్న చట్రం, రెండూ ఒకే ఆకారం. దాదాపు 1.77. మన 16:9 అక్కడ పుట్టింది.

4/3ని 4/3తో గుణించండి, 16/9. ఇంకోసారి గుణిస్తే 64/27, అంటే 2.37. స్కోప్‌కి పక్కిల్లే. పదో తరగతి గుణశ్రేఢి ఇది. చదరంగం గళ్లలో గింజల కథ చెప్పే మాస్టర్లు ఎదురుగా గోడకున్న టీవీని ఎందుకు చూపించరో!

4/3, 16/9, 64/27లలో 16/9 నడిమి పదం కాబట్టి నష్టం రెండు వైపులా సమానం. 16:9 తెరలో పెళ్లి వీడియో 75 శాతం నింపుతుంది, స్కోప్ సినిమా కూడా దాదాపు 75 శాతమే. తెర 4:3గానే ఉంటే స్కోప్‌కి దక్కేది 56 శాతం. తెరనే స్కోప్ చేస్తే బాబాయి పెళ్లికి 56. (ఇది 'గోల్డెన్ రేషియో' మహిమ అనేవాళ్లున్నారు. అది 1.618. వాస్తుకీ దీనికీ ఉన్నంత చుట్టరికం.)

బాబాయి ఊరుకోకుండా రిమోట్‌లో 'ఫుల్' నొక్కాడు. పిన్ని మూడో వంతు లావైంది. ఇంట్లో గొడవ.

డిస్క్‌తో ఇంకో తిరకాసు. మన దేశంలో వాడిన PAL టీవీ పద్ధతి డీవీడీలో బొమ్మ 4:3 అయినా 16:9 అయినా పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) 720×576 మాత్రమే. 4:3కి పిక్సెల్ ఆకారం 16:15, వైడ్‌కి 64:45. ఏది ఏదో చెప్పే గుర్తు ఫైల్లో వేరుగా ఉంటుంది. కాపీ చేసేటప్పుడు అది ఎగిరిపోతే పిక్సెళ్లన్నీ చదరాలైపోయి, వైడ్ బొమ్మలో మనుషులు 70 శాతానికి సన్నబడతారు.

నాలుగు వైపులా నలుపు వస్తే మాత్రం, పట్టీలు బొమ్మలోనే అచ్చయి ఉన్నాయన్నమాట. 4:3 ఫైల్లో ఇరికించిన స్కోప్ సినిమా 16:9 తెరలో 42 శాతమే నింపుతుంది. అప్పుడు 'జూమ్' నొక్కొచ్చు. తెగిపోయేది నలుపే.