కార్డు మీద ఓ పాజిటివ్, కానీ ఓ రక్తం పడదు: బాంబే గ్రూపు నేపథ్యం

ఏళ్ల తరబడి ‘ఓ పాజిటివ్’ అని కార్డు దగ్గర పెట్టుకున్న మనిషికి ఆపరేషన్ ముందు క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం రోగికి పడుతుందో లేదో చూసే పరీక్ష) చేస్తే, బ్లడ్ బ్యాంకులో ఉన్న ఓ గ్రూపు యూనిట్లలో ఒక్కటీ పడదు. అప్పుడు అనుమానించాల్సిన వాటిలో, పరీక్షలో ఓలా కనిపించే అరుదైన బాంబే గ్రూపు ఒకటి. మన దేశంలో సుమారు పది వేల మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. ఐరోపాలో పది లక్షల్లో ఒకరికి. దీన్ని పసిగట్టడానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. అయినా జారిపోతూనే ఉంది.

1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తనదీ, తన సహోద్యోగులదీ రక్తం తీసి, కణాలను సీరం (రక్తంలోని పలచటి ద్రవం) నుంచి వేరుచేసి, ఒకరి సీరంలో మరొకరి కణాలు కలిపిన ఫలితాలను ప్రచురించారు. కొన్ని జతల్లో కణాలు ముద్ద కట్టాయి, కొన్నింటిలో కట్టలేదు. అలా ఎ, బి, సి అనే మూడు గ్రూపులు తేలాయి; ఆ సి తర్వాత ఓ అయింది. మరుసటి ఏడాది డెకాస్టెల్లో, స్టుర్లి ఎబిని చేర్చారు. లాండ్‌స్టైనర్ సూత్రం ఇప్పటికీ ల్యాబులను నడిపిస్తోంది: ఎ, బి యాంటీజెన్లలో (కణం మీద ఉండే గుర్తుల్లో) కణం మీద ఏది లేదో, దానికి ఎదురు యాంటీబాడీ (ఆ గుర్తున్న కణాలకు అతుక్కుని ముద్ద కట్టించే పదార్థం) సీరంలో ఉంటుంది. ఓ గ్రూపు కణం మీద రెండూ లేవు కాబట్టి అది ఎవరికైనా పడుతుందన్న నమ్మకం బలపడింది.

ఆ నమ్మకానికి 1952లో బొంబాయి నుంచి సవాలు ఎదురైంది. కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యుడు వై.ఎం. భెండే బృందానికి తారసపడిన కొందరి కణాలు యాంటీ-ఎ, యాంటీ-బి (ఎ, బిలకు ఎదురు యాంటీబాడీలు) రెండింటికీ స్పందించలేదు. అంటే ఓ అనుకోవాలి. కానీ వాళ్ల సీరం ఎ, బి కణాలతో పాటు ఓ కణాలను కూడా ముద్ద కట్టించింది! లండన్‌లోని శాస్త్రవేత్తలు రేస్, శాంగర్, మోర్గాన్, వాట్కిన్స్‌తో కలిసి భెండే బృందం ఆ ఏడాదే ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఈ సంగతి ప్రకటించింది.

ఎ, బి యాంటీజెన్లు రెండూ హెచ్ అనే చక్కెర గొలుసు మీదే తయారవుతాయి. దానికి ఇంకో చక్కెర తగిలితే ఎ, వేరొకటి తగిలితే బి. ఏదీ తగలకపోతే హెచ్ అలాగే మిగులుతుంది, అదే ఓ. కాబట్టి ఏమీ లేదనుకున్న ఓ కణం మీదే హెచ్ అన్నిటికంటే ఎక్కువ. హెచ్‌ను కట్టే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ పనిచేయని రూపంలోనే వస్తే ఆ బిడ్డది బాంబే గ్రూపు. ఎ, బి జన్యువులు ఉన్నా బయటపడవు. వాళ్ల సీరంలో యాంటీ-హెచ్ ఉంటుంది. శరీర ఉష్ణోగ్రత దగ్గరే చురుగ్గా పనిచేసి, ఎక్కించిన ఓ కణాలను రక్తనాళాల్లోనే పగలగొడుతుంది. జ్వరం, నడుం నొప్పి, నల్లటి మూత్రం, ఆపైన కిడ్నీలు దెబ్బతినడం.

ల్యాబులో చేయాల్సింది ఇదీ. రోగి కణాలను సెలైన్‌లో కడిగి 2 నుంచి 5 శాతం ద్రావణంగా కలిపి, ఒక్కో చుక్క యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-డి (పాజిటివా నెగెటివా తేల్చేది) ట్యూబుల్లో వేయాలి. ఇది ఫార్వర్డ్ గ్రూపింగ్. రివర్స్‌లో రోగి సీరం రెండేసి చుక్కలు, గ్రూపు తెలిసిన ఎ, బి, ఓ కణాలు ఒక్కో చుక్క. నిమిషం పాటు 1000 ఆర్‌పీఎంలో తిప్పి, అడుగున చేరిన కణాలను మెల్లగా కదిపి చూడాలి. మామూలు ఓ రక్తమైతే ఓ కణాల ట్యూబులో కణాలు విడిపోయి నునుపుగా తేలతాయి. బాంబే అయితే అక్కడా గట్టి ముద్దే. అప్పుడు యాంటీ-హెచ్ లెక్టిన్ (హెచ్‌కు అతుక్కునే, మొక్కల నుంచి తీసే ప్రొటీన్)తో చూస్తే మామూలు ఓ కణాలు ముద్ద కడతాయి, బాంబే కణాలు కట్టవు.

పొరపాటు ఎక్కడంటే, శిబిరాల్లో, చిన్న ల్యాబుల్లో స్లైడు మీద ఫార్వర్డ్ ఒక్కటే చేసి కార్డు రాసేస్తారు. రివర్స్ చేసినా ఎ, బి కణాలతో ఆపేసి ఓ ట్యూబు వదిలేస్తే అంతే సంగతి. నాలుగు నుంచి ఆరు నెలల లోపు పసిబిడ్డల్లో సొంత యాంటీబాడీలు సరిగా ఉండవు కాబట్టి రివర్స్ నమ్మదగింది కాదు. పుట్టినప్పుడు రాసిచ్చిన గ్రూపును పెద్దయ్యాక మళ్లీ చూపించుకోవాలి.

తల్లిదండ్రులిద్దరూ పనిచేయని జన్యువును ఒక్కొక్కటి మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇద్దరికీ ఆ జన్యువు ఒకే తాతల నుంచి దిగే వీలు ఎక్కువ. ఎబి తండ్రికి, మామూలుగా పుట్టే వీల్లేని ‘ఓ’ బిడ్డ పుట్టినట్టు కనిపించేదీ ఇలాంటి చోటే. సంసారంలో అనుమానాలు రేపేముందు ఆ ఓ నిజంగా ఓనేనా అని చూడాలి.

బాంబే వాళ్లకు బాంబే రక్తమే ఎక్కించాలి. పాజిటివా నెగెటివా అన్నది వేరే లెక్క, అదీ కలవాలి. దాత కోసం మొదట పరీక్షించాల్సింది అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను. ముందే ఖరారైన ఆపరేషనైతే రోగి రక్తాన్నే తీసి ఉంచవచ్చు. రక్తాన్ని నిల్వ ఉంచే సీపీడీఏ-1 ద్రావణం ఉన్న సంచిలో అది 35 రోజులే నిలుస్తుంది. గ్లిసరాల్ కలిపి అతి చల్లగా ఘనీభవింపజేస్తే ఏళ్లపాటు ఉంటుంది గానీ, ఆ సదుపాయం చాలా కొద్ది కేంద్రాల్లోనే ఉంది. అందుకే ఎక్కువ చోట్ల దాతల ఫోన్ నంబర్ల జాబితాలే ఆధారం.